చుక్క పడని గురువారం

లోతుల మాస్టారు చనిపోయిన నాలుగు రోజులకు, సోమవారం ఉదయం తొమ్మిదింపావుకు, ఆయన భార్య ఎదుట కూర్చున్నాను. రిజర్వాయరు కట్టకి దిగువన వరసగా కట్టిన స్టాఫ్ క్వార్టర్లలో అది చివరి ఇల్లు. ముందుగదిలో బల్ల మీద సగం కుట్టిన రిజిస్టర్లు, జిగురు డబ్బా, దారపు ఉండ ఉన్నాయి. ఆఫీసులకి రిజిస్టర్లు బైండు చేసివ్వడం ఆమె పని. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె చేతిలో సూది ఆగలేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు. రిజర్వాయరులో పూడిక కొలిచే సర్వేయరు. ఏటా పడవలో తిరుగుతూ రెండు వందల పన్నెండు చోట్ల సీసపు గుండు కట్టిన తాడుని నీళ్ళలోకి వదిలి, అడుగు ఎంత లోతున తగిలిందో రాసుకునేవాడు. ఇరవై ఆరేళ్ళు అదే పని. అందుకే ఊరంతా ఆయన్ని లోతుల మాస్టారనేది. గురువారం పొద్దున ఎగువనున్న కొలతగదికి వెళ్ళి ఇంటికి రాలేదు. శుక్రవారం ఉదయం ఆరున్నరకి, ఏరు రిజర్వాయరులో కలిసేచోట, మోకాల్లోతు బురదలో దొరికాడు. కాలు జారి ఉంటుందన్నారు మొదట. శనివారం సాయంత్రం పోలీసులు సర్వే పడవ నడిపే మనిషిని పట్టుకెళ్ళారు. అతన్ని అందరూ తెడ్డు అని పిలుస్తారు. బుధవారం రేవులో అతనికీ మాస్టారుకీ పెద్ద గొడవ జరిగిందట.

తెడ్డు అలాంటివాడు కాదని ఆమె వాదించలేదు. అడిగింది ఒకటే.

"ఆయనకి ఈత రాదండీ. నీళ్ళ మీద బతికే మనిషికి ఈత రాదంటే నవ్వుతారు గానీ, రాదు. అందుకే లైఫ్ జాకెట్ ఇక్కడే, ఈ గుమ్మం దగ్గరే తొడుక్కుని బయల్దేరేవాడు. ఒకసారి విప్పడం మర్చిపోయి పెళ్ళి విందుకి కూడా దాంతోనే వచ్చాడు. శుక్రవారం ఆయన్ని తెచ్చినప్పుడు ఒంటి మీద జాకెట్ లేదు. దాన్ని ఎవరు విప్పారో నాకు చెప్పండి. ఇంకేం అడగను."

పన్నెండేళ్ళు పోలీసు డిపార్ట్‌మెంటులో, ఏడేళ్ళు సొంతంగా ఈ పనిలో ఉన్నాను. ఇంత చిన్న ప్రశ్నతో నన్ను పనిలో పెట్టుకున్నవాళ్ళు లేరు. అసలు ప్రశ్నలన్నీ దాని లోపలే ఉన్నాయి.

గురువారం సంగతులు ఒక్కొక్కటిగా అడిగాను. మాస్టారు ఏడున్నరకి క్యారియరు తీసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం రెండూ నలభైకి ఫోన్ చేసి, కొండల మీద మబ్బు ముదురుతోందనీ, వాన పడితే నీటి శాంపిళ్ళు పట్టాలి కాబట్టి ఆలస్యమవుతుందనీ చెప్పాడు. అవే ఆఖరి మాటలు. ఆయన ఈమధ్య వాన తప్ప వేరే మాటే మాట్లాడేవాడు కాదట. అన్నం దగ్గర కూర్చున్నా అదే గొడవట. ముప్పై ఏళ్ళ కిందట వాన మొదలైతే మర్నాటిదాకా మెల్లగా కురిసేది, నేల తాగేది. ఇప్పుడు ఏడాది మొత్తం మీద అంతే వాన, కానీ అరగంటలో ఊడ్చిపెట్టినట్టు పడుతోంది, నేలకి నోరు తెరిచే టైమే ఉండటంలేదు, పైమట్టి అంతా ఏట్లోకి వస్తోంది అనేవాడట.

"మరి ఆ రోజు మీ దగ్గర ఎవరున్నారు?" అన్నాను.

ఎవరూ లేరంది. సాయంత్రం ఏడు గంటలకి కూతురినీ మనవరాలినీ చూడటానికి వెళ్ళిందట, వాళ్ళిల్లు పక్క వీధే. అల్లుడు రిజర్వాయరు ఆఫీసులోనే జూనియర్ ఇంజనీరు. అప్పుడే వచ్చాడట తడిసి ముద్దయి, ఆఫీసు నుంచి వస్తుంటే దారిలో వాన పట్టుకుందంటూ. ఆ రాత్రి జ్వరం కూడా వచ్చింది. అయినా మర్నాడు ఆ జ్వరంతోనే మామగారి పనులన్నీ తానే చూసుకున్నాడని చెబుతూ ఆమె మొదటిసారి సూది పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

నేను కాగితం మీద రాసుకున్నాను. ఏడు గంటలు, అల్లుడు, తడిసి.

దారిలో డిస్పెన్సరీ దగ్గర పావుగంట ఆగాను. అక్కడ చూడాల్సిన రిజిస్టరు ఒకటి ఉంది, చూశాను. కొలతగది చేరేసరికి పదకొండూ పది.

అది ఏటి ఒడ్డున దిమ్మె మీద కట్టిన చిన్న గది. బయట కంచెలో వాన కొలిచే యంత్రం. గది నుంచి అవతలి గట్టుకి ఇనపతీగల మీద వేసిన చెక్క వంతెన ఉండేది. ఇప్పుడు దానిలో మూడో వంతు అవతలి గట్టున మిగిలింది, నడిమి భాగం నీళ్ళలోకి వేలాడుతోంది. నేను జీపులో వచ్చిన బాట గదికి ముందు పల్లంలో దిగి ఎక్కుతుంది. ఆ పల్లంలో ఎండిన బురద నా నడుం ఎత్తున పొదలకి పట్టుకుని ఉంది. అంటే గురువారం కొంతసేపు ఈ గది ఒక దీవి.

లోపల కాపలా కానిస్టేబుల్ ఆరు గాజుసీసాలు వరసగా పెట్టి, బకెట్లో నీళ్ళు తెచ్చుకుని కడగబోతున్నాడు. మురికినీళ్ళు అండీ, ఖాళీ చేస్తే మంచినీళ్ళకి పనికొస్తాయన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే కేసు బకెట్లో కలిసిపోయేది.

సీసాల మీద చీటీలు అంటించి ఉన్నాయి. తేదీ పదిహేడు, కింద టైము. మూడూ పది, మూడూ పదిహేను, అలా అయిదేసి నిమిషాలకి ఒకటి. ఆఖరిది మూడూ ముప్పై అయిదు. నాలుగు రోజులు కదలకుండా ఉండటంతో మట్టి అడుక్కి దిగింది. మొదటి సీసాలో అది వేలి మందం ఉంది. నాలుగోదానిలో బెత్తెడు. ఆఖరి సీసా సగం మట్టే, ఎర్రటి మట్టి. ఏ పొలాలదో, ఏ కొండవాలుదో, పాతిక నిమిషాల్లో అక్కడికి వచ్చి చేరింది.

చీటీలని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మొదటి రెండిటి మీద పదిహేడులోని ఏడుకి నడుం దగ్గర అడ్డగీత ఉంది. ఉదయం మాస్టారి పాత డైరీలు తిరగేసినప్పుడు ప్రతి ఏడుకీ అదే గీత చూశాను. ఒకటికీ ఏడుకీ తేడా తెలియకపోతే లోతు ఆరు మీటర్లు తప్పుతుందని అనేవాడట. మిగతా నాలుగు చీటీల మీద ఏడుకి గీత లేదు. అక్షరాలు కూడా పక్కకి వాలి, తొందరగా పడి ఉన్నాయి. మాస్టారు కర్రకి సీసా కట్టి నీళ్ళు పడుతుంటే, పక్కన ఇంకొకరు చీటీలు రాశారు.

వాన యంత్రంలో కాగితం చుట్టిన డ్రమ్ము ఇంకా తిరుగుతూనే ఉంది. రోజూ మార్చే మనిషి లేక, పెన్ను నాలుగు రోజులుగా అదే కాగితం మీద అడుగున ఒకే గీతని దిద్దుకుంటూ పోయి నల్లటి తాడులా చేసింది. ఆ తాడు మీదనుంచి ఒక్కచోట మాత్రం గీతలు గోడల్లా లేచాయి. పది మిల్లీమీటర్లు నిండినప్పుడల్లా పెన్ను పైదాకా పోయి కిందపడుతుంది. మూడూ ఎనిమిదికీ మూడూ ముప్పై ఏడుకీ మధ్య ఆరుసార్లు పడింది. అరగంటలో అరవై మిల్లీమీటర్లు. ఆ నెల మొత్తంలో పడాల్సిన వానలో సగం అది.

కానిస్టేబుల్ని వెంటబెట్టుకుని ఏరు దాటాను. ఇప్పుడు పిక్కల్లోతు కూడా లేదు. అవతలి గట్టు మీద, వంతెన మిగిలిన ముక్క పక్కన, ఎండి గట్టిపడిన బంకమట్టిలో గుర్తులు దొరికాయి. ఒక మనిషి నాలుగు కాళ్ళ మీద పైకి పాకిన గుర్తులు. వేళ్ళు లోతుగా దిగబడి ఉన్నాయి. పైకి వచ్చాక అతను పరిగెత్తలేదు. రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. మడమలు రెండూ ఏటివైపు గుంటలు చేసి ఉన్నాయి, పక్కనే అరచేతుల అచ్చులు, ఒకదాని మీద ఒకటి, మళ్ళీ మళ్ళీ. చాలాసేపు అక్కడే కూర్చుని నీళ్ళకేసి చూశాడు.

హంతకులు అలా కూర్చోరు. ఆ గుంటలు చూశాక, ఈ కేసు ముగిసినప్పుడు నాకు సంతోషం కలగదని తెలిసిపోయింది.

పన్నెండూ ఇరవైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒకప్పుడు నా కింద సబ్‌ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడు. బుర్ర ఉన్నవాడే, ఓపిక లేనివాడు. నేను అక్కడుండటం చూసి కానిస్టేబుల్ మీద విసుక్కున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మీరు డిపార్ట్‌మెంటు వదిలి ఏడేళ్ళయింది మేడమ్. ఇంకా నా ఫైళ్ళు మీరే రాస్తానంటే ఎలా?"

"రాయను. చదువుతాను. మీరు చదవలేదు కాబట్టి."

అతని దగ్గరున్న సాక్ష్యాలు చెప్పాడు. బుధవారం గొడవ అరడజను మంది విన్నారు. తెడ్డు కుడి అరచేతికి లోతైన కోత ఉంది, పెనుగులాటలో తగిలిందే. గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నావంటే ఒడ్డునే ఉన్నానంటాడు తప్ప సరిగ్గా చెప్పడు. ఇవాళ అరెస్టు చూపించి సాయంత్రానికి కోర్టులో పెట్టాలి.

అరచేతి కోత బుధవారానిదని చెప్పాను. తూము గోపురం దగ్గర మాస్టారు వదిలిన సీసపు గుండు అడుగు బురదలో దిగబడిపోయింది. దాన్ని లాగమంటే తెడ్డు లాగాడు, తాడు అరచెయ్యి కోసింది. గొడవ దాని గురించేనని కట్టు కట్టిన కాంపౌండరుకి అతనే చెప్పుకున్నాడు. గురువారం అతను కట్టు మార్పించుకోవడానికి డిస్పెన్సరీకి వెళ్ళాడు. రిజిస్టర్లో టైము మూడున్నర అని ఉంది, కాంపౌండరుకి గుర్తుంది కూడా. మూడున్నరకి ఇక్కడ అయిదో సీసా నిండుతోంది. ఇక్కణ్ణుంచి డిస్పెన్సరీకి పదకొండు కిలోమీటర్లు.

"పైగా అతనికి చదువు రాదు," అన్నాను. "ఈ చీటీలు రాసినవాడికి వచ్చు."

ఇన్‌స్పెక్టర్ సీసాలకేసి చూశాడు. అతని మొహంలో కోపం పోలేదు గానీ, దాని కింద ఇంకేదో కదిలింది. తెడ్డు ఆ మాట తనకెందుకు చెప్పలేదని అడిగాడు.

"మీరు గొడవ గురించి అడిగారు. కట్టు గురించి అడగలేదు. అతను అడిగినదానికే జవాబు చెప్పే మనిషి."

"అయితే ఎవరు?"

"ఇంకా తెలియదు," అని అబద్ధమాడాను. చేతిలో ఉన్నది అనుమానమే. ఒక ఇంటిని కూల్చడానికి అది చాలదు. అతను గడియారం చూసుకుని, అయిదింటిదాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత తన పని తాను చేసుకుపోతానన్నాడు. అంతవరకూ మేలే.

రిజర్వాయరు ఆఫీసుకి రెండుంబావుకి చేరాను. కట్టకి ఒక చివర, ఎత్తు మీద ఉంది. గుమాస్తాని రెండు కాగితాలు అడిగాను. మొదటిది ఆఫీసు ఆవరణలోని వాన రిజిస్టరు. గురువారం, పదిహేడో తేదీ, సున్నా. ఎంతో కొంత పడి ఉండదా అంటే, ఆ రోజు ఇక్కడ చుక్క కూడా పడలేదనీ, కావాలంటే కట్ట మీద కాపలావాళ్ళని అడగమనీ గుమాస్తా నొచ్చుకున్నాడు. ఈ మధ్య వానలు అలాగే పడుతున్నాయట. ఒక కొండ మీద ప్రళయం, పక్క కొండ మీద దుమ్ము.

ఆఫీసు నుంచి ఇంటికి నడిచి వచ్చే మనిషి ఆ రోజు తడిసే దారి లేదు.

రెండోది రిజర్వాయరు పూడిక మీద ఆ ఏటి ధ్రువపత్రం. తూము ముందు ఆరు మీటర్ల లోతు నికరంగా ఉందనీ, మొత్తం మీద పూడింది పదకొండు శాతమేననీ, కాబట్టి రిజర్వాయరుని నిండా నింపుకోవచ్చనీ అందులో ఉంది. కింద మాస్టారి సంతకం, తేదీ పదిహేడు. ఏడుకి అడ్డగీత లేదు.

అల్లుడిని రికార్డు గదిలోకి పిలిచాను. అప్పుడు టైము మూడు దాటి అయిదు నిమిషాలు. ముప్పై రెండేళ్ళు ఉంటాయి. గడ్డం గీసుకోలేదు. జ్వరం తగ్గినా కళ్ళు గుంటల్లోనే ఉన్నాయి. అత్తయ్య పంపిందని చెబితే నమస్కారం పెట్టి, ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. గురువారం ఎక్కడున్నారని అడిగితే, ఆఫీసులోనే, అయిదున్నరదాకా అన్నాడు. ఇంటికెలా వెళ్ళారంటే నడిచి అన్నాడు. దారిలో వాన పడిందా అంటే పడిందన్నాడు.

వాన రిజిస్టరు తెరిచి అతని ముందు పెట్టాను. దాని పక్కన ధ్రువపత్రం పెట్టాను. దాని పక్కన కొలతగది నుంచి తెచ్చిన ఆఖరి సీసా పెట్టాను. సంతకం గురించి అడుగుతానని అతను ఎదురుచూస్తున్నాడు. నేను వేరేది అడిగాను.

"జాకెట్ ఎక్కడ దాచారు?"

అతను సీసాకేసే చూస్తున్నాడు. చీటీ మీద తన రాతని చదువుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత లేచి, గది చివరనున్న ఇనపబీరువా వెనక చెయ్యి పెట్టి, మడతపెట్టిన ఆకుపచ్చ సంచి ఒకటి తీసుకొచ్చాడు. లోపల నారింజరంగు జాకెట్. ఎర్రమట్టి ఎండి దానికి పొరలా అంటుకుని ఉంది.

"ఆయనే విప్పారండీ," అన్నాడు. "నాకు తొడిగారు. బకిల్ కూడా ఆయనే పెట్టారు."

ఆ తర్వాత అంతా చెప్పాడు. మధ్యలో నేను ప్రశ్నలు వేయలేదు. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత ఎవరో తరిమినట్టు వచ్చాయి.

గురువారం మూడింటికి అతను ఆఫీసు మోటారుసైకిలు మీద కొలతగదికి వెళ్ళాడు. జేబులో ఆ ధ్రువపత్రం ఉంది. మాస్టారి కొలతల ప్రకారం పూడిక పదకొండు శాతం కాదు, ముప్పై నాలుగు. తూము నోటి మీద రెండు మీటర్ల బురద. అది ఒప్పుకుంటే రిజర్వాయరుని సగానికి దించాలి, ఊరికి మూడు రోజులకోసారి నీళ్ళివ్వాలి, కట్ట కింద ఇళ్ళు ఖాళీ చేయించాలి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయాడు. ఈ ఒక్క ఏడాది గడిస్తే చాలన్నాడు. మార్గం కూడా తనే చెప్పాడట. అయిదు నిమిషాల వాన లెక్కలు తీసేసి, రోజువారీ మొత్తాలు పెట్టి, ఎంత వానకి ఎంత నీరు, ఎంత మట్టి వస్తుందో చెప్పే పాత పట్టికతో పూడిక గుణించమన్నాడు. ఏడాది వాన ఎప్పటిలాగే ఎనిమిది వందల పైచిలుకు కాబట్టి, పాత పట్టిక ఎప్పటి జవాబే ఇస్తుంది. లెక్కలో ఎక్కడా తప్పుండదు. ఆ లెక్క చేసింది అల్లుడే. మామయ్యతో సంతకం పెట్టించే పని కూడా అతని మీదే పడింది.

"కాగితం చూపిస్తే మామయ్య కోప్పడలేదండీ. 'సంతకం సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఈ చీటీలు రాసిపెట్టు, నీ రాత బాగుంటుంది' అన్నారు. అప్పటికే రెండు సీసాలు పట్టారు. నేను నాలుగు రాశాను. ఆఖరిది పట్టుకొచ్చి నా మొహం ముందు పెట్టి, 'ఇప్పుడు చెప్పు, దీన్ని రోజు మొత్తానికి పంచితే ఎంతొస్తుంది?' అన్నారు. నేనేం చెప్పను?"

ఆ మాటలయ్యేసరికి పల్లంలో బాట మునిగిపోయింది. నీళ్ళు గది మెట్టు ఎక్కాయి. మిగిలింది వంతెన ఒక్కటే. జాకెట్ ఒక్కటే. తనకి ఈత వచ్చని అల్లుడు చెప్పాడు. ఈ నీళ్ళలో ఈత ఎవడికీ రాదని మాస్టారన్నాడు. మా అమ్మాయికి నువ్వు కావాలి, మాట్లాడకుండా నడువు అన్నాడు. అల్లుడు దాటాడు. ఆఖరి చెక్కల దగ్గర నీళ్ళు కాళ్ళు లాగేస్తే, జాకెట్ తేల్చింది, గట్టు పట్టుకుని పాకాడు. వెనక్కి తిరిగేసరికి మాస్టారు వంతెన నడుమ ఉన్నాడు. ఒక చేత్తో తీగ, రెండో చేత్తో గుండెకి అదుముకున్న కొలతల పుస్తకం. దాన్ని వదిలేసి రెండు చేతులతో తీగ పట్టుకొమ్మని అల్లుడు అరిచాడు. నీళ్ళ హోరులో వినపడిందో లేదో. ఒక చెట్టుమాను కొట్టుకొచ్చి వంతెనకి తగిలింది.

"ఎంతసేపు కూర్చున్నారు అక్కడ?"

"తెలీదండీ. నీళ్ళు తగ్గేదాకా. తర్వాత ఏరు దాటి బండి తీసుకుని, గట్టు వెంబడి వెతుక్కుంటూ వచ్చాను."

అప్పుడే చెప్పి ఉంటే అది ప్రమాదమే. కానీ జేబులో కాగితం ఉంది. అక్కడికి ఎందుకు వెళ్ళావంటే ఏం చెప్పాలో తెలియక ఆ సాయంత్రం చెప్పలేదు. శుక్రవారం పొద్దున శవం దొరికాక అసలు నోరే పెగల్లేదు. ఆ మధ్యాహ్నం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కబురు పెట్టి కాగితం ఏదన్నాడు. మామయ్య శవం ఇంట్లో ఉండగా, ఈ గదిలోనే కూర్చుని, తడిసిన కాగితం బదులు ఇంకో ప్రతి తీసి, మామయ్య సంతకం తాను పెట్టాడు. శనివారం తెడ్డుని పట్టుకెళ్ళారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ సోమవారం వచ్చేసింది.

నాకు అతని మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఆ బంకమట్టిలో మడమల గుంటలు కళ్ళ ముందు కదిలాయి. మీ అత్తయ్య అడిగింది జాకెట్ సంగతి ఒక్కటే, జవాబు నేను చెప్పాలా, మీరు చెబుతారా అన్నాను.

తనే చెబుతానన్నాడు. ఫోన్ తీసి నొక్కాడు. అవతల ఆమె ఎత్తాక, రెండు మూడు సార్లు అత్తయ్యా అన్నాడు. ఆఖరికి కళ్ళు మూసుకుని అంతా ఒక్క బిగిన చెప్పేశాడు, సంతకంతో సహా. ఆమె ఏదో ఒక మాట అడిగింది.

"లేదత్తయ్యా," అన్నాడు. "తిట్టలేదు. ఒక్క మాట కూడా అనలేదు."

అతను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని ఏడుస్తున్నాడు. ఆమె పెట్టెయ్యలేదు. ఆమె ఏం మాట్లాడుతుందోనని నేనూ ఎదురుచూశాను.

ఆ సమయంలో బల్ల మీద ఆఫీసు ఫోన్ మోగింది. మూడూ నలభై ఎనిమిది. తూము గోపురం నుంచి గేటు ఆపరేటరు. జూనియర్ ఇంజనీరు గారు కావాలన్నాడు. ఆయన మాట్లాడే స్థితిలో లేడు, నాకు చెప్పమన్నాను. సాయంత్రం పెద్దవాన హెచ్చరిక ఉంది కాబట్టి, గేటు తెరిచి రిజర్వాయరుని ముందుగానే రెండు మీటర్లు దించమని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేశాడట. మూడున్నరకి తెరవడం మొదలుపెట్టారు.

"గేటు పూర్తిగా లేచిందండీ," అన్నాడు. "కింద కాలవలోకి చుక్క రావడం లేదు. నోట్లో బురద దిమ్మకట్టినట్టుంది. గేటు దించబోతే దిగడం లేదు. రిజర్వాయరు నిండా ఉంది. ఎగువన కొండలు కనపడటం లేదండీ, అంతా నలుపు. వాన మొదలైంది అక్కడ."

మిగులు నీళ్ళు పొర్లిపోయే అలుగు సంగతి అడిగాను. అది పాత వానల కోసం కట్టిన అలుగు, తూము కూడా పనిచేస్తేనే సరిపోతుందన్నాడు. మట్టికట్ట మీదనుంచి నీళ్ళు పొర్లితే కట్టే కోసుకుపోతుందని నాకూ తెలుసు.

అల్లుడి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. అమ్మా, మీ అమ్మాయినీ మనవరాలినీ తీసుకుని ఇప్పుడే ఎత్తు మీదున్న ఆఫీసుకి వచ్చెయ్యండి, దారిలో తగిలిన ప్రతి తలుపూ కొట్టండి అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇరవై ఆరేళ్ళు ఆయనతో కాపురం చేసిన మనిషి. నింపేశారా అని మాత్రం అంది. అవునన్నాను. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినపడింది.

తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాను. హంతకుడు దొరికాడా అన్నాడు. హంతకుడు లేడు, మూడు వందల ఇళ్ళున్నాయి, కట్ట కింద వీధులన్నీ ఖాళీ చేయించాలి, జీపులూ మైకులూ తెచ్చుకో, తెడ్డుని వదిలి పడవ దగ్గరికి పంపు అన్నాను. నా గొంతులో ఏం విన్నాడో గానీ, అతను వాదించలేదు.

"టైమెంత ఉంది మేడమ్?"

రిసీవరు చేత్తో మూసి అల్లుడికేసి చూశాను. అతను కళ్ళు తుడుచుకుని, అలమరలోంచి ఒక పుస్తకం తీశాడు. అంచులు నలిగిన పాత పట్టిక. వేలు పెట్టి వరస వెతికాడు.

"దీని ప్రకారం ఆరు గంటలు," అన్నాడు.

"మీ మామయ్య లెక్క ప్రకారం?"

అతను పుస్తకం మూసేశాడు. కిటికీలోంచి ఎగువకేసి చూస్తూ, మనసులోనే లెక్క వేశాడు. ఆ లెక్క అతనికి వచ్చు. దాన్ని చెరిపింది అతనే.

"గంటన్నర," అన్నాడు. "వాన మొదలై ఇరవై నిమిషాలైంది."